ఏడు కొమ్ముల తివాచీ

పొద్దున్నే లేచి కాలిపా చేసే మొదటి పని, చక్కెర బిళ్ళల్ని చిన్న పట్టకారుతో రెండేసి ముక్కలు చేయడం. మనిషికి సగం బిళ్ళ. అది దవడ కింద పెట్టుకుని, దాని మీదుగా నల్ల టీ తాగాలి. టీ ఆకు మాత్రం నిన్నటిదే, మళ్ళీ మరిగే నీళ్ళు పడతాయి.

"నా పళ్ళు ముందే ఊడాయి గనక బతికాను. లేకపోతే నువ్వు వాటినీ సగం సగం చేసేదానివి" అంటుంది అత్తగారు ఊల్‌కాన్.

"ఉన్న రెండూ జాగ్రత్తగా వాడండి అత్తయ్యా. కొత్తవి కొనలేను" అంటుంది కాలిపా.

ఇద్దరూ నవ్వుకుంటారు. ముసలావిడ తిట్టేది కూడా ముద్దుగానే. చెప్పాలంటే ఆ ఊళ్ళో కాలిపా పొదుపు గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. గోధుమపిండి సంచి చిరిగితే అది దిండుగలీబు అవుతుంది, దిండుగలీబు చిరిగితే గిన్నెలు తుడిచే గుడ్డ అవుతుంది, అదీ చిరిగితే కిటికీ సందులో చలి రాకుండా దూరుతుంది. బొగ్గు ఖరీదు కాబట్టి పొయ్యిలోకి పిడకలు. మొగుడు మేదెర్ జుట్టు ఇంట్లోనే తనే కత్తిరిస్తుంది. రాలిన జుట్టు కూడా పారేయదు. పెళ్ళయిన ఏడాది తివాచీ కోసం ఉన్ని తడిపి, చాపలో చుట్టి, తొక్కి తొక్కి చదును చేస్తున్నప్పుడు, ఒక మూలకి ఉన్ని చాలకపోతే ఆ జుట్టే కలిపి తొక్కేసింది.

ఆ తివాచీ ఇంటి మధ్యలో పరిచి ఉంటుంది. దాని మీద ఎనిమిది పొట్టేలు కొమ్ములు, సుడులు తిరిగిన ముగ్గు. ఒక్కో కొమ్ము ఒక్కో గొర్రె ఉన్నితో చేసింది. అందుకని కొండమేతలో గొర్రెల మీద వాన పడితే ఇక్కడ తివాచీ తడుస్తుంది. అవి ఎండలో పడుకుంటే ఇక్కడ కొమ్ములు వెచ్చగా ఉంటాయి. ఎనిమిదో కొమ్ము మటుకు చెక్కలా గట్టిపడిపోయింది. అది మామగారి సంవత్సరీకానికి కోసిన పొట్టేలుది. మిగతా ఏడు గొర్రెలూ బతికే ఉన్నాయి కాబట్టి ఏడు కొమ్ములూ మెత్తగానే ఉండేవి.

వేసవిలో గోడ అవతలినుంచి పక్కింటివాళ్ళు కేకేసేవారు. "పిన్నీ, పైన వానా ఎండా? గుర్రాన్ని పంపమంటావా?"

ఊల్‌కాన్ అరచెయ్యి తివాచీ మీద పెట్టి చూసేది. "చినుకులే. సాయంత్రానికి తెరిపిస్తుంది. పంపుకో."

ఇక మేదెర్ జుట్టు కలిసిన మూల. మేదెర్ ఊరినుంచి జిల్లా కేంద్రానికి సర్వీసు కారు నడుపుతాడు. నలుగురు ప్రయాణికులు, పాత కారు, కనుమ దారి. కనుమ మీద మంచు పడి అతను కారు దిగి చక్రాలకి గొలుసులు కడుతుంటే, ఇక్కడ మూల చెమ్మగిల్లేది. వెంటనే కాలిపా సూపు పొయ్యి మీద పెట్టేది. అతను ఇల్లు చేరేసరికి సూపు పొగలు కక్కుతూ ఉండేది. మొగుడి కోసం సూపు సరైన సమయానికి వేడెక్కే ఇల్లు ఊరంతటిలో అదొక్కటే.

ఆ మూలనుంచి అప్పుడప్పుడూ వాసనలు కూడా వచ్చేవి. వేయించిన ఉల్లిపాయ, కాల్చిన మాంసం, జీలకర్ర.

"దారిలో హోటల్లో మాంసం వేసిన సేమ్యా, లగ్మాన్, తిన్నావా ఏం?" అని అడిగితే, "నేనెక్కడ తింటాను? పక్కన కూర్చున్నవాళ్ళు తింటారు, నాకు వాసన పడుతుంది" అనేవాడు మేదెర్. పాపం, పక్కన పెట్టుకుని వాసన చూస్తూ బండి నడపాలంటే ఎంత కష్టమో అని కాలిపా ఆ పూట అతనికి ముప్పావు బిళ్ళ చక్కెర ఇచ్చేది.

ఆ ఏడాది ఖర్చులు వరసకట్టి వచ్చాయి. మార్చిలో నీళ్ళ మోటారు గడ్డకట్టి పగిలింది. మేదెర్ కొత్త మోటారు తెచ్చాడు. దాని పెట్టెకి కాలిపా పసుపుపచ్చ తాళం కప్ప ఒకటి కొంది, రెండు తాళంచెవులతో. నెల తిరక్కుండా ఆ కప్ప, ఒక చెవి, రెండూ ఎక్కడో పడిపోయాయన్నాడు మేదెర్. కాలిపా వారం రోజులు బాధపడింది. మిగిలిన చెవిని పారేయబుద్ధి కాక గుత్తిలోనే ఉంచుకుంది. మేలో పొయ్యి మీది ఇనప పలక చీలింది. దాన్ని తీగతో బిగించి మట్టి మెత్తింది. ఇల్లంతా పొగ. "నన్ను పొగబెట్టి ఎండు మాంసంలా దాచుకుంటావా?" అని అత్తగారు దగ్గుతూ నవ్వింది. జూలైలో కనుమ ఎక్కుతూ ఎక్కుతూ కారు గేర్‌బాక్సు కూర్చుంది.

మెకానిక్ జెక్‌షెన్ కారు కింద దూరి, నూనె మొహంతో బయటికి వచ్చాడు.

"అక్కా, దీని కడుపులో పళ్ళన్నీ అరిగిపోయాయి. వేరే పెట్టె తెప్పించాలి."

"ఎంతవుతుంది?"

"నీ దగ్గర డబ్బు ఉండదని నాకు తెలుసు. గొర్రెల్లో చెబుతా. ఐదు."

"నాలుగు."

"అక్కా, నాలుగైతే ఒక గేరు వేయకుండా వదిలేస్తా. రివర్సు లేకుండా బతుకుతావా?"

కాలిపా ఒప్పుకుంది. శరత్తులో మందలు దిగాక ఐదు గొర్రెలు ఇస్తానంది. కారు నడవకపోతే ఊళ్ళో మగాళ్ళందరిలాగే మేదెర్ కూడా రష్యా వెళ్ళి ఇటుకలు మోయాలి. వెళ్ళిన వాళ్ళలో సగంమంది ఫోన్లోనే మిగిలారు. 

"కారు బాగుపడితే వెళ్ళవు కదా?" అని అడిగింది.

"కారు బాగుపడితే నేనెందుకు వెళ్తాను?" అన్నాడు మేదెర్. రొట్టె మీద చెయ్యి పెట్టి ఒట్టేసి మరీ అన్నాడు.

గొర్రెలు మేదెర్ పిన్ని కొడుకు ఎసెన్ మందలో ఉన్నాయి. ఎండాకాలమంతా ఊరివాళ్ళ గొర్రెల్ని కొండమేతలో అతనే కాస్తాడు. ఎవరి గొర్రెలు ఏవో చెవుల మీది కోతను బట్టి తెలుస్తుంది. కాలిపా వాళ్ళ గుర్తు, కుడి చెవికి వానకోయిల తోకలాంటి చీలిక, ఎడమ చెవికి చిల్లు. గొర్రె పోతే కాపరి ఆ చెవులు తెచ్చి యజమాని ముందు పెట్టాలి. పెట్టాడా, ఇక ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనకూడదు. తాతల నాటినుంచీ అదే కట్టుబాటు.

ఆగస్టు ఆఖర్లో ఒక మధ్యాహ్నం ఊల్‌కాన్ తివాచీ మీదినుంచి చెయ్యి తీసి చూసుకుంది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడు కొమ్ముల్లో ఒక్కోదానికి రెండేసి చుక్కలు. పద్నాలుగు నెత్తుటి చుక్కలు.

మర్నాడు ఎసెన్ గుర్రం దిగి, సంచి గుమ్మరించాడు. పద్నాలుగు చెవులు. కాలిపా ఒక్కొక్కటీ తీసి చూసింది. ఆ కోతలు కోసింది తనే, పోల్చుకోకుండా ఎలా ఉంటుంది?

"తోడేళ్ళు వదినా" అన్నాడు ఎసెన్, టోపీ నలుపుతూ. "నేను అవతలి గట్టుకి వెళ్ళి వచ్చేసరికి..."

"ఏడూ మావేనా? రెండు వందల మందలో ఏరుకుని తిన్నాయా?" అంది ఊల్‌కాన్.

"విడిగా మేస్తున్నాయి పెద్దమ్మా."

మేదెర్ లేచి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "వాణ్ణి ఏం అనకండి. తోడేలుకి మన వాళ్ళూ పరాయివాళ్ళూ తెలుస్తారా?" అన్నాడు. ఎంత మంచివాడో అనుకుంది కాలిపా. కారు పోయింది, గొర్రెలు పోయాయి, అయినా తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నాడు.

ముసలావిడ తివాచీ తడిమి, "ఇంకా మెత్తగానే ఉందే" అని గొణిగింది.

"ప్రాణం పోగానే గట్టిపడిపోతుందా అమ్మా? నాలుగు రోజులు పడుతుంది. కళ్ళెదుట ఉంటే దాన్నే చూస్తూ ఏడుస్తారు మీరిద్దరూ" అంటూ మేదెర్ తివాచీని చుట్టి, భుజానికెత్తుకుని, పెరట్లో పిడకల పాకలో పడేశాడు.

ఆ తర్వాత అతను రష్యా మాట ఎత్తాడు. "ఇంకేం దారి ఉంది చెప్పు?" అన్నాడు. కాలిపా తలుపు చాటుకి వెళ్ళి ఏడ్చింది. తర్వాత అతని ప్రయాణానికి ఉన్ని మేజోళ్ళు అల్లడం మొదలుపెట్టింది. చక్కెర మూడో వంతుకి తగ్గించింది, అదీ తనకి మాత్రమే.

మంచి తివాచీ పిడకల పాకలో పడి ఉండటం ఏ ఇల్లాలికి నచ్చుతుంది చెప్పండి? ఏడుపు ఏడుపే, చెదలు చెదలే. పదిహేను రోజులు ఓర్చుకుని, సెప్టెంబరులో ఎండ బాగా కాసిన ఒక రోజున, దులిపి ఆరేద్దామని కాలిపా పాకలోకి వెళ్ళింది. తివాచీ ఎత్తబోతే లేవలేదు. నీళ్ళు కారుతున్నాయి. పాక రేకులకి చిల్లులున్నాయేమో అని పైకి చూసింది. కింద, పక్కనే ఉన్న పిడకల సంచీ ముట్టుకుంటే పెళపెళలాడుతోంది.

ఈడ్చుకొచ్చి పెరట్లో పరిచింది. ఏడు కొమ్ములూ బతికున్న గొర్రె వీపులా వెచ్చగా ఉన్నాయి. అంచుల నిండా పల్లేరుకాయలు. పైనుంచి ఒక ఘాటు వాసన, మాచిపత్రి వాసన.

అత్తగారు కర్ర పొడుచుకుంటూ వచ్చింది. వంగి వాసన చూసింది. చూసి నిఠారుగా నిలబడింది.

"ఇది మా ముసలాయన చొక్కా వాసన" అంది.

"మామయ్యదా?"

"చలికాలమంతా ఇదే వాసనతో ఇంటికొచ్చేవాడు. లోయలో మన పాత కొట్టం ఉందే, దాని చుట్టూ నడుమెత్తు మాచిపత్రి. కొండమేతలో ఎక్కడుంది ఈ ఆకు? ఆ చలికి బతకదు అది." తడి తివాచీని కర్రతో పొడిచి, "కాలిపా, చచ్చిన గొర్రె తడవదు" అంది.

ఆ కొట్టం మామగారు పోయినప్పటినుంచీ కప్పు సగం కూలి ఖాళీగా ఉంది. దాని సంగతి పట్టించుకునేవాళ్ళే లేరు.

కొండమేతనుంచి గుడారాలు దింపడానికి లారీలు వెళ్ళే రోజులవి. ఎండకి బరువు కాస్త తగ్గగానే కాలిపా తివాచీని చుట్టి ఒక లారీ ఎక్కింది. డ్రైవరు తివాచీని చూసి, "పైన వానా పిన్నీ?" అని అడిగాడు.

"పైన సంగతి తెలీదు, లోయలో పొద్దున పడింది" అంది.

లోయ మలుపులో దిగి నడిచింది. మాచిపత్రి చీరుకుంటూ వెళ్ళి కొట్టం ముందు నిలబడింది. తలుపుకి తాళం. పసుపుపచ్చ తాళం కప్ప.

దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఎసెన్ అయితే ఏ తీగముక్కో కట్టేవాడు. ఈ కప్ప కోసం తను సంతలో మూడు దుకాణాలు తిరిగింది. నడుముకున్న గుత్తి తీసింది. రెండో తాళంచెవి సులువుగా తిరిగింది. ఆ తిరగడంలోనే ఆమెకి అంతా అర్థమైపోయింది. గొర్రెల్ని చూడకముందే. కప్ప తీసి తలుపు తోసింది.

లోపల ఎసెన్ మేత వేస్తున్నాడు. వెనక గోడకున్న సందులోంచి దూరి వచ్చినట్టున్నాడు. ఆమెని చూసి చేతిలో గడ్డి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. ఏడు గొర్రెలు, చెవులు మొదలంటా కోసి ఉన్నాయి, తలలు గుండ్రంగా కోడిగుడ్లలా ఉన్నాయి.

"వదినా... అన్నయ్య చెప్పమన్నాడు."

"ఏమని?"

"తోడేళ్ళని చెప్పమన్నాడు. చెవులు కూడా అన్నయ్యే కోశాడు. నాకు చేతులు ఆడలేదు. దేవుడిమీద ఒట్టు, నేను తల తిప్పుకున్నా."

"తల తిప్పుకున్నావు. మంచి పని చేశావు. తర్వాత?"

"చెవుల్లేని వాటిని సంతలో ఎవరూ కొనరు కదా, దొంగ సొత్తంటారు. అందుకని ఆదివారం ఇక్కడికే కసాయివాడు వస్తాడు. ఆ డబ్బు పట్టుకుని అన్నయ్య వెళ్ళిపోతాడు. టికెట్టు ఎప్పుడో జూన్‌లోనే మాట్లాడుకున్నాడు."

జూన్. గేర్‌బాక్సు పోయింది జూలైలో. రొట్టె మీద చెయ్యి పెట్టింది ఆ తర్వాత.

"నీకేమిచ్చాడురా?"

ఎసెన్ నేల చూపులు చూశాడు. "ఆ కుంటిది."

"అది పుట్టిన రోజున దాని కాలికి కట్టు కట్టింది ఎవరో తెలుసా?"

"నువ్వే వదినా."

"తెలిసే తీసుకున్నావన్నమాట."

ఆమె బయటికొచ్చి తివాచీ పరిచింది. ఏమీ పిలవలేదు, ఈల వేయలేదు. ఏడు గొర్రెలూ నడుచుకుంటూ వచ్చి, ఏ కొమ్ము మీద ఏది నిలబడాలో అక్కడ నిలబడ్డాయి. కుంటిది చివర వచ్చి మూడో కొమ్ము మీద మోకాళ్ళు ముడిచింది. ఎసెన్ టోపీ తీసేశాడు.

తివాచీని భుజాన వేసుకుని కాలిపా ఊరి దారి పట్టింది. వెనక ఏడు గొర్రెలు. సంధ్య వేళకి ఊళ్ళోకి వచ్చేసరికి జనం వాకిళ్ళలో ఆగి చూశారు. ఏమైందని ఏ ఒక్కరూ అడగలేదు. కోతలు ఎవరి చేతివో వాళ్ళకి తెలిసిపోయినట్టే ఉంది. ఊల్‌కాన్ మాత్రం గేటు తీసి, "తొందరగా లోపలికి తోలు, పిచ్చి ముఖాలకి బుర్రల్లోకి గాలి దూరుతుంది" అంది.

మేదెర్ మెట్టు మీద కూర్చుని బూట్లకి పాలిష్ చేసుకుంటున్నాడు. గొర్రెల్ని చూశాడు. బ్రష్షు ఆగింది. కాలిపా నడుముకున్న గుత్తిలోంచి తాళంచెవి తీసి అతని పక్కన పెట్టింది.

"పోయిందన్నావుగా. జత దొరికింది."

"కాలిపా, నీకెలా చెప్పను? చెబితే వద్దంటావు."

"వద్దన్నాను. నువ్వు సరేనన్నావు."

"ఏం చేయమంటావు?" అతను ఒక్కసారిగా లేచాడు. "సగం చక్కెర, సగం దీపం, సగం పొయ్యి! ఈ ఇంట్లో ఊపిరి కూడా సగమే పీల్చాలేమో అనిపిస్తుంది. దారి పక్క హోటల్లో రోజూ ప్లేటు నిండా లగ్మాన్ తింటాను, విను, రోజూ! కడుపు నిండా తిని ఇంటికొచ్చి నీ సూపు తాగుతాను. ఒక్కసారి పూర్తిగా బతకాలనుకున్నాను, అంతే."

"ఆ మిగతా సగాలు ఎవరికోసం దాచాననుకున్నావు?" అంది కాలిపా.

అరవలేదు. అరిచి ఉంటే అతను తిరిగి అరిచేవాడు, ఇద్దరికీ కాస్త తేలికయ్యేది. ఆమె గొర్రెలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయింది. తల్లి అతని మొహంలోకి కూడా చూడకుండా, "పాలిష్ ఎక్కువ రాస్తున్నావు. డబ్బా కోడలు కొన్నది" అని లోపలికి పోయింది.

మర్నాడు ఐదు గొర్రెలు జెక్‌షెన్ వాకిట్లోకి వెళ్ళాయి. చెవుల్లేని గొర్రెలంటే అతను కొంచెం తటపటాయించాడు. కాలిపా తివాచీ పరిచింది. గొర్రెలు తమ తమ కొమ్ములెక్కి నిలబడ్డాయి. "చాలక్కా, చాలు" అని అతను రెంచీ అందుకున్నాడు. వారానికి కారు తయారైంది, రివర్సుతో సహా. అతను ఒక్కొక్క గొర్రెనే కోసుకుంటూ వస్తుంటే ఇక్కడ ఒక్కొక్క కొమ్మే గట్టిపడింది. కుంటిదీ, ఇంకో చూడి గొర్రె మాత్రం ఇంట్లో మిగిలాయి.

కారు ఎవరు నడుపుతారనేనా? కాలిపా తండ్రి పాత కాలంలో సమష్టి పొలంలో లారీ డ్రైవరు. కూతురికి పదహారేళ్ళకే స్టీరింగు ఇచ్చాడు. పెళ్ళయ్యాక ఒక్క రోజు నడపకపోయినా, కట్టిన రుసుం వృథా అవుతుందని ఆమె లైసెన్సు మటుకు ఎప్పుడూ గడువు దాటనివ్వలేదు.

అక్టోబరు మొదట్లో మేదెర్ బయల్దేరాడు. తండ్రి గుర్రపు జీను అమ్ముకుని టికెట్టు డబ్బు కట్టుకున్నాడు. ఉండమని ఆమె అనలేదు. పొమ్మనీ అనలేదు. ఆ రోజు ఊళ్ళోనుంచి పోయే సర్వీసు కారు ఒక్కటే. దాని వెనక సీటు మీద తివాచీ మడతపెట్టి పరిచి ఉంది. ముందు సీట్లో కాలిపా. అతను సంచి పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి వెనక ఎక్కాడు, ఒక పంతులమ్మకీ ఒక బంగాళాదుంపల సంచీకీ మధ్యన.

బస్టాండు దగ్గర అందరూ డబ్బిచ్చి దిగారు. మేదెర్ దిగి కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఎంత?"

"అందరికీ ఎంతో అంతే."

అతను నోటు ఇచ్చాడు. ఆమె చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. తర్వాత దిగి, వెనక తలుపు తీసి, గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెర తీసుకుని, తివాచీ మూలని, అతని జుట్టు కలిసిన ఆ జానెడు ముక్కని, చుట్టూ కత్తిరించింది. మంచి తివాచీని అలా కోస్తుంటే ఆమె చెయ్యి మొదట రెండుసార్లు ఆగింది.

"ఇది నీది" అంది, అతని చేతిలో పెట్టి. "నువ్వెక్కడ తడుస్తున్నావో ఇక నాకు తెలియక్కర్లేదు."

అతను ఆ ముక్కని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బస్సువాడు హారన్ కొట్టాడు.

తిరుగు ప్రయాణానికి నలుగురు దొరికేదాకా కాలిపా దారి పక్క హోటల్లో కూర్చుంది. అక్కడి పిల్ల టీ తెచ్చి పెట్టింది, పక్కన చిన్న పళ్ళెంలో ఒక చక్కెర బిళ్ళ. కాలిపా అలవాటుకొద్దీ దాన్ని పళ్ళతో రెండు ముక్కలు చేసింది. ఒకటి దవడన పెట్టుకుంది. రెండోది తలగుడ్డ కొసన ముడేసుకోబోయి ఆగింది.

బయట ఎండ కాస్తోంది. కారులో ఎక్కి కూర్చున్న ముసలాయన ఒకడు కిటికీలోంచి కేకేశాడు. "అమ్మాయ్, సీటు తడిగా ఉందే! మీ ఊళ్ళో వాన మొదలైనట్టుంది."

"రెండు చోట్లేగా బాబాయ్? కాస్త పక్కకి జరిగి కూర్చో. ఇదిగో వస్తున్నా" అంది కాలిపా.

రెండో సగం కూడా నోట్లో వేసుకుని లేచింది.